పిస్తోలు, రివాల్వరు, తపంచా: తెలంగాణ పోరాట వాఙ్మయమున ఆయుధనామ విమర్శ

నల్లగొండ జిల్లాలో 1946వ సంవత్సరమున రగిలి, ఓరుగల్లు సీమకు ప్రాకి, 1948 సెప్టెంబరు తరువాత మహబూబునగరము జిల్లా నల్లమల యడవులలోనికిని వ్యాపించి, 1951లో విరమింపబడిన రైతుల సాయుధపోరాటమును గూర్చి తెలుగున పెరిగిన వాఙ్మయము కొంచెము కాదు. పోరాటము నడుచుచుండగనే, 1947లో, సుంకర సత్యనారాయణ వాసిరెడ్డి భాస్కరరావుల ‘మా భూమి’ నాటకమును, బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ నవలయు వెలువడినవి. పిదప వట్టికోట ఆళ్వారుస్వామి, మహీధర రామమోహనరావు, దాశరథి రంగాచార్యులు నవలలు వ్రాసిరి. రావి నారాయణరెడ్డి మొదలగు నాయకులు తమ యనుభవములను గ్రంథస్థము చేసిరి. 1972లో పుచ్చలపల్లి సుందరయ్య బృహద్గ్రంథము వచ్చినది. చిన్నకథలు, బుఱ్ఱకథలు, పాటలు, పత్రికావ్యాసములు, అనువాదములు లెక్కకు మిక్కిలి. ఈ వాఙ్మయమునందలి కథాసంవిధానమును గూర్చియు, మాండలికమును గూర్చియు, రాజకీయమును గూర్చియు విమర్శకులు విస్తారముగ వ్రాసియున్నారు. అందలి ఆయుధముల పేళ్లపై మాత్రము అంతటి దృష్టి సోకలేదు.

పోరాటకథ యనగా ఆయుధముల కథయు గదా. అట్టి కథలలో ‘పిస్తోలు’, ‘రివాల్వరు’, ‘తపంచా’, ‘తుపాకి’ యనునవి పర్యాయపదములవలె వాడబడుచున్నవి. ఒకే ఘట్టమున, ఒకే పాత్ర చేతిలోని ఒకే యాయుధము మొదటి వాక్యమున పిస్తోలుగ నుండి, మూడవ వాక్యమున రివాల్వరుగ మాఱి, ఘట్టాంతమున తుపాకియై పేలును. పునరుక్తి దోషమును తప్పించుకొనుటకు రచయిత చేసిన యలంకారమని దీనిని సమర్థించువారు కలరు. ఆ సమర్థనము నిలువదు. ‘కమలము’ అనుటకు ‘పద్మము’ అనవచ్చును, వస్తువొక్కటే కావున. పిస్తోలును రివాల్వరును వేఱు వేఱు వస్తువులు.

కావ్యమునకు ఆయుధశాస్త్రముతో పనియేమియని కొందఱు ప్రశ్నింతురు. పూర్వకవులట్లు ప్రశ్నింపలేదు. అశ్వముల జాతులు, సుడులు, నడకలు తెలియుటకు మనుమంచి భట్టు తెలుగున గ్రంథమునే రచించెను. భారతమున ఏ వీరునకు ఏ యాయుధమో పండితుడు పొరపడడు. మౌసలపర్వమున ముసలమునకు బదులు గద యని చదివినచో కథయే నిలువదు. ముసలమనగా రోకలి, నల్లగొండ పల్లెలలో స్త్రీలు దొరల మనుషులపైకి కారముపొడితోపాటు ఎత్తినదియు ఆ రోకలియే. పూర్వగ్రంథములందు ఇంత జాగరూకత చూపు పాఠకుడు నిన్న మొన్నటి చరిత్రయందు ఏల చూపరాదు?

ఈ భేదము మాటల పట్టింపు మాత్రము కాదు. 1946లో సంఘము వారి చేతులలోనున్నవి గుతపలు, వడిసెలలు, రాళ్లు. ఆ పిదపనే బర్మార్లు వచ్చినవి, గడీలలోని తుపాకులు వచ్చినవి, పోలీసుల యొద్దనుండి గుంజుకొన్న రైఫిళ్లు వచ్చినవి. సుందరయ్య గ్రంథము ననుసరించి దళములలో రమారమి 2,000 మందియు, గ్రామరక్షక దళములలో 10,000 మందియు నుండిరి. ఇంతమందికి ఆయుధము లెట్లు చేరినవి, ఏ క్రమమున చేరినవి యనుట ఆ పోరాట చరిత్రలో సగము. ఇక చేతితుపాకి యందఱి చేతి వస్తువు కాదు. అది యధికారి నడుమునకు వ్రేలాడునది. దొర దిండు క్రింద నుండునది. అరుదుగా దళనాయకుని చేతికి వచ్చునది. 1946 నాటి పాలేరు చేతిలో పిస్తోలు నుంచిన రచయిత ఆయుధము పేరు నొక్కదానిని మాత్రమే తప్పుగా వ్రాసినవాడు కాడు, నాటి పల్లెలో ఎవరికేమి యున్నదో యా లెక్కనే తాఱుమాఱు చేసినవాడు.

వస్తుభేదమును ముందుగ నిరూపింపవలయును. రివాల్వరు అను ఇంగ్లీషు మాటకు తిరుగునది యని యర్థము. గొట్టము వెనుక గుండ్రని లోహపు దిమ్మ యొకటి యుండును. దానిలో సాధారణముగ ఆరు తొఱ్ఱలు. ఒక్కొక్క తొఱ్ఱలో ఒక్కొక్క తూటా. పేల్చినకొలది దిమ్మ తిరిగి క్రొత్త తూటా గొట్టమునకు సూటిగ వచ్చి నిలుచును. అమెరికా దేశీయుడైన సామ్యూల్ కోల్టు 1835లో ఇంగ్లండునను, 1836లో అమెరికాలోను దీనికి హక్కుపత్రము పొందెను. బ్రిటిషు సేనలో 1887 మొదలు వెబ్లీ రివాల్వరు వాడుకకు వచ్చి, ఆ సామ్రాజ్యమున అధికారి చిహ్నమువలె నిలిచినది. పిస్తోలున తిరుగు దిమ్మ లేదు. పిడిలోనికి దోపబడు మేగజైనున తూటాలు ఒకదానిపై నొకటి పేర్చబడియుండును. ఒక గుండు వెడలినంతనే ఆ ప్రేలుడు బలముచేతనే పై భాగము వెనుకకు జరిగి, ఖాళీ తొడుగును వెలికి విసరి, మఱియొక తూటాను లోనికి తీసికొనును. 1896 నాటి మౌజరు, బ్రౌనింగు నిర్మించి 1911లో అమెరికా సేన గ్రహించిన కోల్టు, ఈ జాతివి. (మౌజరున మేగజైను పిడిలో గాక ముందుభాగమున నుండుట యొక విశేషము.)

ఈ జాతికి ‘ఆటోమేటిక్’ అను పేరు వ్యాపించుటచేత మఱియొక పొరపాటు పుట్టినది. మీట నొక్కినప్పుడెల్ల ఒక్క గుండే వెడలును కావున ఇది యర్ధస్వయంచాలకము. మీట నొక్కిపట్టినంతసేపును గుండ్లు కురియునది వేఱు.

ఇచట న్యాయముగ నొక మాట చెప్పవలయును. ఇంగ్లీషున పిస్తోలు అను పదము చేతితుపాకులన్నిటికిని సామాన్యనామముగ గూడ వాడబడినది. బ్రిటిషు సైన్యపు పట్టికలలో వెబ్లీ రివాల్వరు పిస్తోలు అను శీర్షిక క్రిందనే చేరినది. కావున రివాల్వరును పిస్తోలు అనుట సామాన్యోక్తి; పిస్తోలును రివాల్వరు అనుట స్పష్టమైన తప్పు. రెండును కలిసి వచ్చినచోట గోబలీవర్దన్యాయము వర్తించును. ‘గో’ శబ్దము ఎద్దును గూడ చెప్పగలిగినను, ‘గోవులను, ఎద్దును తెమ్ము’ అన్నప్పుడు ఎద్దును విడిచి తక్కినవానినే చెప్పునట్లు, ‘రివాల్వర్లు, పిస్తోళ్లు’ అన్నప్పుడు పిస్తోలు మేగజైనుగల దానినే సూచించును. 1962 నాటి భారతదేశపు ఆయుధ నియమావళియు మూడవ తరగతిలో రెండు పేళ్లను జంటగనే యుదాహరించినది. న్యాయశాస్త్రమును ఆయుధశాస్త్రమును ఇచట ఏకీభవించుచున్నవి.

ఈ లక్షణము తెలిసినచో పాఠపరిష్కరణమునకు మంచి సాధనము దొరకును. ‘అతడు పిస్తోలు చక్రమును గిఱ్ఱున త్రిప్పెను’ అను వాక్యము కనబడిన, ఆయుధమైన రివాల్వరు కావలయును, క్రియయైన తప్పు కావలయును. ‘రివాల్వరులో మేగజైను దోపెను’ అనునదియు అట్టిదే. రివాల్వరుతో కాల్పులు జరిగిన యింటి ముంగిట ఖాళీ తొడుగులు చెల్లాచెదరుగ పడియున్నవని వ్రాసినచో అది యసంభవము. రివాల్వరు తొడుగులు దిమ్మలోనే యుండును, తెఱచి విదిలించిననే రాలును. వెబ్లీ నడుము విఱిచి తెఱచినచో ఆఱును ఒక్కమాఱే పైకి లేచును. తొడుగులు వరుసగ రాలిన నది పిస్తోలు. సాక్షి తాను చూచినదే చెప్పెనా, విన్నదానిని చెప్పెనా యని సందేహము కలిగినప్పుడు చరిత్రకారుడు ఇట్టి చిన్న గుర్తులపై ఆధారపడవచ్చును. చప్పుడు వినరాకుండ రివాల్వరు పేల్చినట్లు వ్రాయుట డిటెక్టివు నవలల ప్రభావము. దిమ్మకును గొట్టమునకును నడుమనున్న సందునుండి వాయువు వెలువడును గావున సాధారణ రివాల్వరున కట్టి మూత పనికిరాదు.

1948 జనవరి 30వ తేదీన గాంధీమహాత్మునిపై ప్రయోగింపబడినది ఇటలీలో చేయబడిన 9 మిల్లీమీటర్ల బెరెట్టా, మేగజైనుగల పిస్తోలు. జగమంతయు నెఱిగిన యీ సంగతిని గూర్చియు ‘రివాల్వరు’ అను మాట పలు రచనలలో నేటికిని కనబడుచునే యున్నది. విచారణలో సాక్ష్యముగ నిలిచిన వస్తువు విషయముననే యిట్లున్నప్పుడు, ఏ విచారణయు లేక పల్లె చావడులలో ముగిసిన కాల్పుల విషయమున ఎంత సంకరము కలుగునో యూహింపవచ్చును.

పేళ్లకంటెను క్రియాపదములు రచయితను ఎక్కువగ పట్టియిచ్చును. ‘రివాల్వరు దట్టించెను’ అని వ్రాయువారు కలరు. దట్టించుట యనగా కూరి, అదిమి, బిగించుట. ఆ క్రియ బర్మారుది. బర్మారనగా మూతినుండి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, రవ్వలో గుండో వేసి, హిందుస్తానీలో ‘గజ్’ అనబడు కడ్డీతో దట్టించి పేల్చు నాటు తుపాకి; నింపుట, కొట్టుట యను రెండు హిందుస్తానీ ధాతువులు ఆ పేరులోనే వినబడుచున్నవి. ‘మందుగుండు’ అను తెలుగు సమాసమును ఆ తుపాకి కాలముననే పుట్టినది: మందు వేఱు, గుండు వేఱు, రెండును విడివిడిగ పోయవలసినవి. శిక్షితుడైన సైనికుడును అట్టి తుపాకిని నిమిషమునకు రెండు మూడు మాఱులకు మించి పేల్చుట కష్టము. త్రీనాట్‌త్రీ రైఫిలుతో శిక్షితుడు నిమిషమునకు పదునైదు గుండ్లు గుఱిచూచి పేల్చగలడు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజుపైనుండి పోరాడిన పల్లెజనము యొక్క సాహసమును పాఠకుడు గ్రహింపవలెనన్న ఈ కాలభేదము తెలియవలయును. ఒక మాఱు పేల్చి మరల దట్టించులోపల ఎదుటివాడు ఎన్ని గుండ్లు విడువగలడో, ఆ వ్యవధిలోనే వారి ప్రాణము లుండెను. రచయిత అన్నిటికిని ‘తుపాకి’ యని వ్రాసి యా వ్యవధిని తుడిచివేయుచున్నాడు. పల్లెవాడు బర్మారని వేఱుగ చెప్పుచున్నాడు. పండితుడు శుద్ధి పేరిట మాపివేసిన భేదమును నిరక్షరుడు నిలుపుకొనినాడు.

తూటా, గుండు అను జంటయు నిట్లే చెడినది. తూటా హిందుస్తానీ ‘టోటా’ శబ్దమునకు సంబంధించినది. తొడుగు, మందు, రంజకము, గుండు కలిసిన పూర్తి వస్తువునకు పేరు. కార్తూసు అను ఉర్దూ మాటయు దీనికే. గుండు గొట్టమునుండి వెడలి తగులునది మాత్రమే. కావున తూటాల సంచి సరి, తూటాలు నింపుట సరి. ‘తూటా గుండెలో దిగెను’ అనుట తప్పు. తొడుగుతో గూడ వస్తువంతయు శరీరమున దిగదు. పత్రికలవారి వలన ఈ ప్రయోగము రూఢమైనది. రూఢమైనదానిని పెఱికివేయుట సాధ్యము కాకపోవచ్చును గాని, ‘గుండు’ అను చక్కని యచ్చతెలుగు పదముండగా దానిని త్రోసి తప్పుమాటను తెచ్చుకొనుట వింత.

ఇక తపంచా. ఈ మాట చరిత్ర మిగుల రసవంతమైనది. పారసీకమునుండి ఉర్దూలోనికి తమంచాగ, తెలుగునకు తపంచాగ వచ్చినది. తుర్కీ భాషలో దీని సోదరశబ్దమైన ‘తబంజా’ నేటికిని పిస్తోలునకు సామాన్యనామము. పూర్వము సర్దారుల నడుములయందు వెండిపూల పిడితో మెఱసిన చెకుముకి పిస్తోలు తపంచాయే. నేడు తెలుగు పత్రికలలో తపంచా యనగా దొంగచాటుగ చేయబడిన, తఱచుగ ఒక్క గుండు మాత్రమే పేల్చు, నాటు చేతితుపాకి. ఇది యర్థాపకర్షమునకు మంచి యుదాహరణము. కాలభేద మెఱుగని యనువాదకుడు ఉర్దూ కాగితమునందలి తమంచాను నేటి తపంచా యని తలచి జాగీర్దారు చేతిలో నాటుతుపాకి పెట్టును. లేదా తెలిసినవాడనుకొని ‘రివాల్వరు’ అని దిద్దును. రెండును తప్పే. నిజాము రాజ్యమున 1948 వఱకు రాజభాష ఉర్దూ కావున నాటి కాగితములను తెలుగుచేయువారికి ఈ చిక్కు తఱచుగ తగులును. తమంచాను ‘పిస్తోలు’ అని సామాన్యార్థమున అనువదించుట క్షేమము. బందూఖును ‘తుపాకి’ యనుటకు అభ్యంతరము లేదు. అది యరబ్బీలో హేజల్ అను గింజకు పేరై, గుండునకై, గుండును విసరు సాధనమునకై క్రమముగ సంక్రమించిన మాట.

అన్యదేశ్యములను విడిచి సంస్కృతమున క్రొత్త పేళ్లు కల్పింపరాదా యని పాఠశాల పండితులడుగుట సహజము. భుశుండి, నాళికము, శతఘ్ని మొదలగు పాత మాటలను తుపాకులకు సంక్రమింపజేసినవారు కలరు. 1880లో గుస్తావ్ ఓపెర్టు శుక్రనీతియందలి నాళికవర్ణనమును చూపి ప్రాచీనులకు తుపాకిమందు తెలియునని వాదించెను. ఆ భాగము అర్వాచీనమని పిదపటి పండితులు నిర్ణయించిరి. శతఘ్ని ఫిరంగి యర్థమున పత్రికాభాషలో నిలిచినది, నిలువనిండు. కాని భుశుండి యన్న నది రైఫిలో, పిస్తోలో, బర్మారో ఎవ్వడు చెప్పగలడు? తెలుగుదేశమున తుపాకులు విదేశమునుండి వచ్చినవి, పేళ్లును వానితోనే వచ్చినవి. మహబూబునగరము జిల్లాకు కృష్ణ కావలనున్న రాయచూరు కోటపై 1520లో కృష్ణదేవరాయల పక్షమున పోర్చుగీసు తుపాకివాండ్రు పోరాడిరి. ‘తుపాకి’ తుర్కీ నుండియు, ‘పిస్తోలు’ ఐరోపా నుండియు, ‘రివాల్వరు’ ఇంగ్లీషు నుండియు వచ్చి, ఉకారాంతములై, ‘పిస్తోళ్లు’, ‘రివాల్వర్లు’ అని బహువచనములను గూడ పొంది తెలుగైనవి. పొలమున పాతుకొన్న మాటను పెఱికి శిలాప్రతిమను నాటుట కృషి యనిపించుకొనదు.

ఆ జిల్లావాడైన సురవరము ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ పాత కావ్యములందలి వస్తువుల పేళ్లను ఒక్కొక్కటిగ పట్టుకొని, అవి యేమివో, ఎవరివో, ఎట్లు వాడబడినవో విచారించిన గ్రంథము. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొదటి బహుమానము దానికే. 1962లో వ్యవసాయమును, 1971లో చేనేతను గూర్చి వెలువడిన మాండలిక వృత్తిపదకోశములును పనివాని నోటి మాటనే ప్రమాణముగ గొన్నవి. ఆయుధముల మాటలకును ఆ మార్గమే తగును.

మరతుపాకి యను మాటను గూర్చి కొంచెము. మంచి మాటయే, కాని స్టెన్‌గన్నును బ్రెన్‌గన్నును రెంటిని అట్లే యనుట చాలదు. స్టెన్ 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాలను పేల్చును, బ్రెన్ .303 రైఫిలు తూటాలను పేల్చును. ఈ అంకె గొట్టపు లోకొలత, అంగుళములో వేయింట 303 భాగములు. ‘త్రీనాట్‌త్రీ పిస్తోలు’ అని యెచటనైన కనబడిన, అంకెయైనను పేరైనను పొరపాటని యెఱుగునది.

ఇంతమాత్రమున పాత్రల నోటి మాటలను దిద్దవలెనని కాదు. దేవరకొండ గొల్లవాడు అమీను నడుముననున్న రివాల్వరును ‘పిస్తోలు’ అన్నచో అది యట్లే యుండవలయును, అతడట్లే యనును. 1986లో వెలువడిన ‘మనకు తెలియని మన చరిత్ర’ యందు పోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలు వారు పలికినట్లే యుండుట ఆ గ్రంథమునకు ప్రాణము. తప్పు కథకుడు తన కంఠముతో చెప్పు వాక్యమునందు వచ్చినప్పుడే తప్పు. దీనికి విపర్యయమైన దోషమును కలదు: ఆధారము లేకయే ప్రతి యాయుధమునకు జాతి, అంకె, దేశము తగిలించి పాండిత్యము ప్రకటించుట. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు నేలకొరిగెను. అచట ‘తుపాకి’ యను సామాన్యపదము చాలును. దానిని పిస్తోలుగ చేయుటకు గాని, రివాల్వరుగ చేయుటకు గాని నవలాకారునకును చరిత్రకారునకును అధికారము లేదు.

పునర్ముద్రణములు చేయువారు మూలమునందలి మాటను మార్చరాదు. రచయిత ‘రివాల్వరు’ అని వ్రాసి మేగజైనును వర్ణించియుండినచో మూలము నట్లే యుంచి, పుట యడుగున ‘వర్ణనమునుబట్టి పిస్తోలు’ అని సూచించుట చాలును. నిఘంటుకారులు మాత్రము రెంటికిని ‘చిన్న తుపాకి’ యను వివరణమును విడువవలయును. రివాల్వరు: తిరుగు దిమ్మలో తూటాలుండు చేతితుపాకి. పిస్తోలు: 1. చేతితుపాకి, సామాన్యార్థమున, 2. మేగజైనునుండి తూటాలను తానే తీసికొను చేతితుపాకి. తపంచా: 1. పూర్వము, చెకుముకి పిస్తోలు, 2. నేడు, నాటు పిస్తోలు. బర్మారు: మూతినుండి మందు దట్టించు నాటు తుపాకి; చేతితుపాకి కాదు.